పుట్టింటి పేరు లేని ద్రాక్ష



ఇవాళ మీకొక ద్రాక్షపండు కథ చెబుతాను. మన హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ కాదు సుమండీ. అది తినే పండు. గుత్తి చేతికి బరువుగా, చూడముచ్చటగా ఉంటుంది. నేను చెప్పబోయేది చిన్న చిన్న పళ్ళు కాసే ఫ్రాన్సు దేశపు రకం. పేరు షార్డొనే. దాని రసం తీసి, పులియబెట్టి తెల్లని వైను చేస్తారు. “అయ్యో, ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ సారా కబుర్లేమిటి!” అని ముక్కుమీద వేలేసుకోకండి. తాగమని చెప్పడానికి రాలేదు నేను. ఈ పండుకు ఒక తల్లి ఉంది. ఆ తల్లి ఎవరో లోకానికి తెలియడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. ఆవిడ సంగతి చెబుదామని వచ్చాను.

ముందు బిడ్డ వైభవం చూద్దాం. ఫ్రాన్సులో బర్గండీ అనే సీమ ఉంది. షార్డొనే అనే పేరుగల చిన్న పల్లె కూడా ఆ సీమలోదే. అక్కడ ఈ పళ్ళరసాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోసి, ఆ పీపాల్లోనే పులియనివ్వడం పాత ఆచారం. ఒక్కో పీపా 228 లీటర్లు పడుతుంది. పీపా చేసేవాళ్ళు చెక్కను నిప్పు సెగన కాచి వంచుతారు. ఆ కాలిన చెక్కలోంచి వెనిల్లా వంటి వాసన రసానికి అబ్బుతుంది.

ఇందులో మనకు తెలియని విద్య ఏమీ లేదు. మన అమ్మమ్మలు తరవాణి కుండ పెట్టేవారు కదా! కొత్త కుండలో ఒక రుచి, ఏళ్ళ తరబడి వాడిన కుండలో ఇంకో రుచి. పీపా సంగతీ అంతే. వైను తయారయ్యాక పీపాలో పోస్తే చెక్క వాసన ఘాటుగా, పైపైన తేలుతుంది. అందులోనే పులిస్తే ఈస్టు ఆ ఘాటును కొంత మింగేసి, మెత్తబరుస్తుంది. కూర దించాక పైన చల్లిన మసాలాకీ, కూరతోపాటు ఉడికిన మసాలాకీ ఉన్నంత తేడా అన్నమాట. ఆ తర్వాత ఇంకో వింత జరుగుతుంది. మన పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల జాతివే ఈ రసంలోనూ చేరి, ఆపిలుపండులో ఉండేలాంటి పులుపును పెరుగులో ఉండే పులుపుగా మార్చేస్తాయి. అందుకే ఇటువంటి వైనులో వెన్న వాసన వస్తుందంటారు.

పీపా ఎంత మంచిదైనా పండులో కాస్త పులుపు మిగలాలి. మరీ ఎండకాచే చోట తీపి త్వరగా ఎక్కి, పులుపు చచ్చిపోతుంది. అంచేత అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు సముద్రపు గాలి తగిలే నేలలు వెతుక్కున్నారు. పసిఫిక్ సముద్రం అక్కడ చాలా చల్లన. రాత్రిళ్ళు పొగమంచు లేచి, రష్యన్ రివర్ అనే నది లోయ వెంట తోటల్లోకి వస్తుంది. మధ్యాహ్నం దాకా ఎండను అడ్డుకుంటుంది. కాయ నిదానంగా పండుతుంది.

ఆ లోయలోనే హెలెన్ బచిగలూపీ అనే ఇల్లాలూ, ఆవిడ భర్తా 1964లో షార్డొనే నాటారు. 1973లో పండిన పంటను హెలెన్ స్వయంగా బండి నడుపుకుంటూ షాటో మోంటెలెనా అనే వైను తయారీదారుల దగ్గరకు చేరవేసింది. 1976 మే 24న పారిస్‌లో ఒక పోటీ జరిగింది. సీసాల పేర్లు కనపడకుండా దాచి, తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలకు రుచి చూపించారు. తెల్ల వైనుల్లో నాలుగు బర్గండీవి, ఆరు కాలిఫోర్నియావి. అన్నీ షార్డొనేలే. మొదటి స్థానం మోంటెలెనాకు వచ్చింది! ప్రపంచమంతా విస్తుపోయింది. ఆ వైనుకు వాడిన పళ్ళలో కొంతభాగం హెలెన్ వాళ్ళ తోటదే. అయితే సీసా మీది చీటీలో నాపా, అలెగ్జాండర్ అనే వేరే రెండు లోయల పేర్లే అచ్చయ్యాయి. హెలెన్ వాళ్ళ లోయ పేరు లేదు. తోట సంగతి జనం చెప్పుకోవడం చాలా ఏళ్ళ తర్వాత మాట.

ఇక తల్లి దగ్గరకు వద్దాం.

మధ్యయుగంలో బర్గండీ కొండవాలుల్లోని మంచి నేలల్లో పీనో అనే నల్లద్రాక్ష పెంచేవారు. అది ప్రభువుల పంట. కాస్త దూరంలో, చవిటి నేలల్లోనూ, పల్లంలోనూ పేద రైతులు గువే అనే తెల్లద్రాక్ష వేసుకునేవారు. విరగకాసేది, మొండి మొక్క. దాని వైను మాత్రం నీరసం, పులుపు. ఆ పేరే ఈసడింపు మాటలోంచి పుట్టిందని చెబుతారు. గువే నాటకూడదని ఐరోపాలో కొన్నిచోట్ల నిషేధాలు కూడా పెట్టారు. అయినా బీదవాడి ఇంట్లో రోజూ తాగే నీళ్ళవైను దానిదే కాబట్టి, అది బతికింది.

ఈ రెండూ పక్కపక్కనే పూసేవి. ఎవరూ పూనుకోకుండానే పుప్పొడి అటూ ఇటూ పోయింది. రాలిన గింజల్లోంచి కొత్త మొక్కలు లేచాయి. బాగున్న మొక్క కొమ్మ కోసి, మనం గులాబీ అంటు కట్టుకున్నట్టు రైతులు పెంచుకున్నారు. అలా వచ్చిన ఒక మొక్కే షార్డొనే. మరొకటి గామే అనే నల్లద్రాక్ష. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్, గామే మోసకారి మొక్క అని, పీకి పారేయమని ఆజ్ఞ వేశాడు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, చూడండి! ఒకరికి సింహాసనం, ఇంకొకరికి దేశ బహిష్కారం. ఆనాడు ఎవరికీ ఈ చుట్టరికం తెలియదు.

తెలిసింది 1999లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కేరల్ మెరెడిత్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆవిడ సహచరుడు జాన్ బవర్సూ, ఫ్రాన్సులోని మోంపెల్యే శాస్త్రజ్ఞులతో కలిసి మూడువందలకు పైగా ద్రాక్ష రకాల డీఎన్‌ఏ పోల్చి చూశారు. షార్డొనే, గామేలతో సహా పదహారు రకాలు పీనో, గువేల సంతానమని తేలింది. దాయాదుల్లో దాయాదులు కలిసిన వంశం కాదిది, దూరపు సంబంధం. మేనరికాలు మీదమీద చేసుకుంటే పిల్లలకు వచ్చే చిక్కులు మనకు తెలుసు కదా, దానికి ఇది తలకిందులు. తల్లిదండ్రుల మధ్య అంత ఎడం ఉండటమే బిడ్డల బలానికి కారణం కావచ్చునని ఆ శాస్త్రజ్ఞులు అన్నారు.

అయితే ఆ ఇద్దరిలో తల్లి ఎవరు, తండ్రి ఎవరు? ద్రాక్షలో ఆకుపచ్చదనాన్నిచ్చే హరితరేణువులు తల్లి వైపునుంచే బిడ్డకు వస్తాయి. వాటిలోని డీఎన్‌ఏను పరీక్షించి, 2010లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు: షార్డొనేకు, గామేకు కూడా తల్లి గువేయే. గొప్పింటి పీనో తండ్రి. నిషేధించి తరిమిన ఆ పేదింటి మొక్క కడుపున పుట్టిందే, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న షార్డొనే.

ఈ పరీక్షలు చేయాలంటే పాత మొక్కలు బతికి ఉండాలి కదా. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటలను వేళ్ళనుంచి తినేసింది. ఆ దెబ్బకు పనికిరాని రకాలన్నారో, అవి మళ్ళీ నాటేవాళ్ళు లేక కనుమరుగయ్యాయి. అయితే ఆ పురుగు ఇసుకలో బతకలేదు. మోంపెల్యేలో 1876లో మొదలైన ద్రాక్ష సేకరణను 1949లో మధ్యధరా సముద్రం ఒడ్డున, వసాల్ అనే చోట ఇసుక నేలలోకి మార్చారు. గొప్పవీ, లెక్కలోకి రానివీ కలిపి వేల రకాలను వరుసల్లో నాటి, చీటీలు కట్టి కాపాడారు. “ఇది దేనికి పనికొస్తుంది?” అని తీసి పారేసి ఉంటే, తల్లి పేరు చెప్పే సాక్ష్యం మిగిలేది కాదు.

సోదరీమణులారా, మన ఇళ్ళలో వంశవృక్షాలు ఉంటాయి. తాత, ముత్తాత, ఆయన తండ్రి, ఏడు తరాలు ఠకఠకా చెప్పేస్తాం. అమ్మమ్మ తల్లి పేరేమిటంటే తడుముకుంటాం. ఆవిడ పుట్టినూరు ఏది, ఆవిడ చేతి ఏ వంట మన ఇంటికి వచ్చింది, ఎవరైనా రాసి పెట్టారా? మొక్కకైతే హరితరేణువులు సాక్ష్యం చెప్పాయి. మన ఇళ్ళలో ఆ సాక్ష్యం పెద్దవాళ్ళ జ్ఞాపకం. అది వాళ్ళతోనే పోతుంది. ఈ ఆదివారం తీరిక చేసుకుని, ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని, పుట్టింటి ఇంటిపేర్లతో సహా అడిగి, పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీ నింపండి. నాలుగు పేర్లు దొరికినా చాలు.

సెలవు.