చేవెళ్ల–మొయినాబాద్: మధ్యయుగ చరిత్ర పరిశోధన

చేవెళ్ల, మొయినాబాద్ హైదరాబాదుకు పడమరన రంగారెడ్డి జిల్లాలోని మండలాలు. మధ్యయుగ చరిత్రలో తొలి అడుగులు వేసే పరిశోధకులకు ఇక్కడ పని ఉంది. 2023లో మొయినాబాద్ మండలం ఎనికేపల్లి చెరువు తూము వద్ద 9–10 శతాబ్దాల నాటి రెండు జైన స్తంభాలను గుర్తించారు. నాలుగు ముఖాలా ధ్యానంలో కూర్చున్న తీర్థంకరులు, తెలుగు–కన్నడ లిపిలో శాసనాలు ఉన్నాయి. రాళ్లు తూము గోడలో ఇరుక్కుని ఉండడంతో పాఠం పూర్తిగా చదవడం కుదరలేదు. కనిపించినంతలో చిలుకూరు ప్రాంతపు జైన బసది (ఆలయం) ప్రస్తావన ఉంది.

ఆర్థిక సాయం: నెట్ పరీక్షతో వచ్చే యూజీసీ జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు రూ.37,000. 1972లో ఏర్పడిన భారత చరిత్ర పరిశోధన మండలి కూడా ఫెలోషిప్‌లు, గ్రాంట్లు ఇస్తుంది.

ఆకరాలు: హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలపు పారశీక పత్రాలున్నాయి. అందుకే ఇక్కడి పరిశోధకుడికి శాసనాల పాత లిపితోపాటు పారశీకమూ అక్కరకొస్తుంది.