ఎర్రవల్లి చౌరస్తా నుంచి డల్లాస్ రోడ్ల దాకా

గద్వాల, ఆలంపూర్ జనానికి ఒకప్పుడు పరాయి సర్కారు తుంగభద్ర అవతలి ఒడ్డునే ఉండేది. ఇటు నిజాం ఇలాకా, అటు మద్రాసు ప్రెసిడెన్సీ. ఏడు హాలీ (నిజాం) రూపాయలు ఇస్తే చేతికొచ్చేవి ఆరు కల్దార్లు (బ్రిటిష్ రూపాయలు). సరుకు దాటిస్తే కరోడ్‌గిరీ వాళ్లకు సుంకం కట్టాలి. బండి తోలేవాడికి మాత్రం చిక్కు లేదు, రెండు ఒడ్డులా ఎడమ పక్కే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా కూడా ఆ పక్కనే సాగింది.

ఇప్పుడు గట్టు నుంచి గద్వాల మీదుగా ఎర్రవల్లి చౌరస్తాకు వస్తే తగిలేది 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట అది ఇంకా ఏడో నంబరే. 2010లో నంబర్లు మార్చినప్పుడు ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలకు బేసి సంఖ్యలు ఇచ్చారు. మూడంకెలుంటే కొమ్మ రోడ్డని గుర్తు. మక్తల్ మీదుగా రాయచూరు పోయే 167, 67కు కొమ్మ.

అమెరికాలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి ఇంటర్‌స్టేట్లలో ఉత్తర దక్షిణాలవి బేసి సంఖ్యలు. మెక్సికో సరిహద్దులోని లారెడో నుంచి మిన్నెసోటా దాకా పోయేది 35. డల్లాస్‌లో తూర్పు పడమరలుగా పోయేది 30. 635లో మొదటి అంకె సరి సంఖ్య కనుక అది ఊరిని చుట్టి మళ్లీ పెద్ద రోడ్లను కలిపేదని, బోర్డు చూడగానే తెలిసిపోతుంది. ఈ రోడ్ల వెనక ఐజన్‌హోవర్ ఉన్నాడు. 1919లో సైనిక వాహనాల వెంట వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరడానికి ఆయనకు 62 రోజులు పట్టింది. అధ్యక్షుడయ్యాక 1956లో హైవే చట్టం మీద సంతకం పెట్టాడు.

అమెరికా వెళ్లిన మనవాళ్లను తికమకపెట్టేది కుడి ఎడమల మార్పే అనుకుంటారు గానీ, అది వారం పది రోజుల్లో చేతికి అలవాటవుతుంది. చిక్కంతా చిన్న మర్యాదల్లోనే. ఎర్ర లైటు ఉన్నా కుడికి తిరగొచ్చు. అయితే ముందు బండి పూర్తిగా ఆగాలి, వద్దనే బోర్డు ఉండకూడదు. చమురు సంక్షోభం తర్వాత, 1970లలో, ఇంధనం ఆదా కోసం దేశమంతా పాకిన పద్ధతి ఇది. న్యూయార్క్ నగరంలో మాత్రం బోర్డు అనుమతిస్తేనే తిరగాలి. హైదరాబాద్ ఫ్రీ లెఫ్ట్‌కు అలవాటైన కాలు బ్రేకు మీద నిలవడం కష్టమే.

పసుపుపచ్చ స్కూలు బస్సు సంగతి ఇంకా గట్టిది. ఆ రంగు 1939లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ సైర్ పెట్టిన సమావేశంలో ఖాయమైంది. బస్సు ఎర్ర లైట్లు వెలిగించి పిల్లలను దింపుతుంటే వెనకవాళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి.

హెడ్‌లైట్లు కొట్టడమూ అంతే. 44 మీద లారీ లైట్లు కొడితే ‘నేనొస్తున్నా, జరుగు’ అని. బ్రిటన్‌లో చాలామంది ‘ముందు నువ్వు పో’ అనడానికి కొడతారు, అక్కడి హైవే కోడ్ అలా వాడొద్దని చెప్పినా.

అన్నింటికన్నా వింత, నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే అమెరికా చౌరస్తా. సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు. ముందొచ్చి ఆగినవాడు ముందు పోతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడికి దారి. హారన్ కొట్టేవాళ్లు అరుదు.