పుచ్చలపల్లి సుందరయ్య

పుచ్చలపల్లి సుందరయ్య (మే 1, 1913 - మే 19, 1985) భారత కమ్యూనిస్టు ఉద్యమ నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, రచయిత. నెల్లూరు జిల్లాలోని సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించినా, తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చివేసి జీవితాంతం అత్యంత నిరాడంబరంగా గడిపాడు. ఈయన అసలు పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని సూచించే భాగాన్ని తానే తొలగించుకున్నాడు.

బాల్యము, విద్య

సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. బావగారు న్యాయశాఖలో ఉద్యోగి కావడం వలన, ఆయన బదిలీలతో పాటు తిరువళ్ళూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసులలో చదువు సాగింది. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం కళాశాల విడిచాడు. అప్పటికి వయస్సు 17 సంవత్సరాలు. అరెస్టయి రాజమండ్రిలో నిర్బంధంలో ఉన్నాడు. తరువాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిజం వైపు మళ్ళాడు.

ఆస్తి త్యాగము

విడుదలై స్వగ్రామం చేరిన సుందరయ్య వ్యవసాయ కూలీలను సంఘటితం చేయడం ప్రారంభించాడు. ఆ కూలీలు పనిచేసే పొలాలలో తన బంధువుల పొలాలు కూడా ఉండేవి. కనుక ఆయన మొదటి పోరాటం స్వంత వర్గంతోనే, ఒక విధంగా స్వంత ఇంటితోనే జరిగింది. అస్పృశ్యతను వ్యతిరేకించి దళితులతో కలిసి భోజనం చేయడం ఆనాటి పల్లెలో బంధువర్గానికి మింగుడుపడని విషయం.

కుటుంబ ఆస్తిలో తనకు వచ్చిన భాగాన్ని అమ్మి, ఆ సొమ్మును పార్టీకి అందజేశాడు. 1943లో లీలను వివాహమాడాడు. ఉద్యమానికి పూర్తి కాలం కేటాయించాలని దంపతులు సంతానం వద్దనుకున్నారు. పొలము, వంశము, వారసుడు అనే మూడింటి చుట్టూ తిరిగే భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడికి ఇది ఆస్తి ఇచ్చివేయడం కన్నా పెద్ద నిర్ణయమే. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరు ప్రజావైద్యశాల ద్వారా పేదలకు వైద్యసేవ చేశాడు.

నిరాడంబర జీవనము

1952లో రాజ్యసభ సభ్యుడైన సుందరయ్య ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవాడు. తరువాత హైదరాబాదులో శాసనసభకు కూడా అలాగే వెళ్ళేవాడు. నేటికీ తెలుగువారు ఆయన పేరు వినగానే ముందుగా తలచుకునేది ఈ సైకిలునే.

అయితే ఈ పొదుపును సన్యాసంగా భావించడం సరికాదు. దీని వెనుక ఉన్నది పార్టీ క్రమశిక్షణ. కమ్యూనిస్టు చట్టసభ సభ్యులు తమ జీతాన్ని పార్టీకి జమచేసి, పార్టీ ఇచ్చే కొద్దిపాటి భృతితో జీవించడం ఆనవాయితీ. పూర్తికాలపు కార్యకర్తకు అందే దానికన్నా నాయకుడు ఎక్కువ అనుభవించరాదన్నది అందులోని సూత్రం. సుందరయ్యకు అంతకు మించి ఖర్చు చేసే స్థోమత పుట్టుకతోనే ఉన్నది. దానిని వదులుకున్న తరువాతనే ఆయన ఈ భృతికి పరిమితమయ్యాడు. గాంధేయుల సాదాతనంతో పైకి పోలిక కనిపించినా మూలం వేరు.

పదవులు, రచనలు

కృష్ణా జిల్లా గన్నవరం నుండి 1955, 1962, 1978లలో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1964లో పార్టీ చీలిన పిదప సి.పి.ఐ.(ఎం)కు తొలి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1946లో "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" వెలువడింది. తెలంగాణా సాయుధ పోరాటంపై 1972లో ఆంగ్లంలో బృహద్గ్రంథం ప్రచురించాడు. ఆత్మకథ "విప్లవ పథంలో నా పయనం". నీటిపారుదల సమస్యలపై గణాంకాలతో మాట్లాడగల శాసనసభ్యునిగా ప్రత్యర్థుల గౌరవం పొందాడు.

హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేరిట ఏర్పడింది. ఆయన సేకరించుకున్న పుస్తకాలు ఆ గ్రంథాలయంలో భద్రపరచబడ్డాయి.