ఆరు జతలు

లోయలోకి దిగే బాట నిటారుగా ఉంది. మడమ ఆనించి, పక్కనున్న పొద పట్టుకుని దిగండి. గాలి ఆడటం లేదు, ఒళ్లంతా ఉక్కపోత. మీ ముందు నడుస్తున్న మనిషి కయెతానో గార్సియా. ముప్పై అయిదేళ్లుంటాయి, ఈ ఊరి మునిసిపల్ ఆఫీసులో అధికారి. వెనకాల అట్టపెట్టెతో వస్తున్నది ఇద్దరు అమెరికన్లు: న్యూయార్క్‌లోని జె.పి. మోర్గాన్ బ్యాంకు వైస్ ప్రెసిడెంటు గోర్డన్ వాసన్, అతని ఫొటోగ్రాఫర్ స్నేహితుడు అలన్ రిచర్డ్‌సన్. తేదీ 1955 జూన్ 29. ఊరి పేరు వౌత్లా ద హిమెనెస్. మెక్సికో దక్షిణాన, వహాకా రాష్ట్రంలో, మసాతెక్ జాతివాళ్లుండే కొండల మీద ఉంది.

ఇందాక ఆఫీసులో వాసన్ ముందుకు వంగి, గార్సియాకు మాత్రమే వినపడేలా ఒక పుట్టగొడుగు పేరు మసాతెక్ భాషలో పలికాడు. ఇక్కడ ఆ పేరు నలుగురిలో ఎత్తరు. స్పెయిన్ నుంచి వచ్చిన మతగురువులు వందల ఏళ్ల కిందటే దాన్ని సైతాను పనిగా చూసి అణచివేశారు. అప్పటినుంచి ఆ పూజ గడప లోపలే జరుగుతోంది. పరాయివాడి నోట ఆ పేరు సరైన పలుకుబడితో వచ్చేసరికి గార్సియా కాదనలేదు. మధ్యాహ్నం ఇంటికి రమ్మన్నాడు.

లోయ అడుగున చెరకు పిప్పి కుళ్లుతోంది. దాని మీద గోధుమరంగు గొడుగులు గుంపులుగా లేచి ఉన్నాయి. ఒకటి తుంచి, కాడను గోటితో నొక్కి చూడండి. కాసేపటికి ఆ చోటు నీలం తిరుగుతుంది. లోపలున్న సైలోసిన్ అనే రసాయనం గాలి తగిలి మారిపోతే వచ్చే రంగు అది. ఈ రోజుకి ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ రసాయనానికి ఇంకా పేరే పెట్టలేదు.

బ్యాంకు మనిషికి వీటితో పనేమిటంటే, 1927లో పెళ్లైన కొత్తలో అతను భార్యతో క్యాట్‌స్కిల్ కొండల్లో షికారుకెళ్లాడు. ఆమె వాలెంటీనా, రష్యాలో పుట్టిన పిల్లల డాక్టరు. చెట్ల కింద పుట్టగొడుగులు కనపడగానే ఆవిడ సంబరంగా ఏరుకుంది. అతను విషమని బెదిరి ముట్టనన్నాడు. ఒక జాతికి ముద్దొచ్చేది ఇంకో జాతికి ఎందుకు రోతో తేల్చుకోవాలని ఇద్దరూ దేశదేశాల కథలూ నమ్మకాలూ పోగేయడం మొదలుపెట్టారు. పాతికేళ్లు దాటిన ఆ వెతుకులాటే అతన్ని ఈ లోయలోకి దింపింది.

రాత్రయింది. గార్సియా ఇంటి కింది గదిలో చాప మీద కూర్చున్నారు మీరు. మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. ఇరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఇంటివాళ్లూ చుట్టాలూ. ముందుగా అందరికీ చాక్లెట్ పానీయం ఇచ్చారు. ఎదురుగా చిన్న బల్ల, దాని మీద బాల యేసు పటం, జోర్డాన్ నదిలో బాప్తిస్మం పటం, పూలగుత్తి, కొవ్వొత్తులు. బల్ల ముందున్నది మరియా సబీనా. అరవై ఏళ్లుంటాయి. చదువు లేదు, మసాతెక్ తప్ప ఇంకో భాష రాదు. తాతముత్తాతల నుంచి వచ్చిన వైద్యం ఇది. చిన్నప్పుడు ఆకలికి తాళలేక, చెల్లెలితో కలిసి కొండ మీద ఈ గొడుగులు తిన్నానని తర్వాతి కాలంలో చెప్పుకుంది. ఆమెకు ఇవి పవిత్రమైన పిల్లలు. మాట్లాడేటప్పుడు కూడా పిల్లలనే అంటుంది.

పది దాటింది. ఆమె గొడుగులకంటిన మట్టి తుడిచి, ప్రార్థిస్తూ కోపాల్ జిగురు ధూపంలో తిప్పి, జతలు జతలుగా పంచుతోంది. తన వంతు పదమూడు జతలు. వాసన్‌కు ఆరు, రిచర్డ్‌సన్‌కు ఆరు. చచ్చినా నోట పెట్టనని భార్యకు మాటిచ్చి వచ్చిన రిచర్డ్‌సన్ కూడా నమలడం మొదలుపెట్టాడు. మీ చేతిలోనూ ఆరు జతలున్నాయి. నాలుక మీద చేదు, ముక్కుకు ముక్కిన వాసన. గబగబా మింగెయ్యకూడదు. అరగంట పడుతుంది.

అర్ధరాత్రి కావస్తోంది. సబీనా గుత్తిలోంచి ఒక పువ్వు తుంచింది. మిగిలిన ఒక్క కొవ్వొత్తి మంటను ఆ పువ్వుతోనే అణచింది. ఇక ఎవరి ముఖం ఎవరికీ కనపడదు.

ముందు కడుపు తిప్పుతుంది. రిచర్డ్‌సన్‌కు చలి పట్టుకుంది, దుప్పటి చుట్టుకున్నాడు. కాసేపటికి వాసన్ వైపు వంగి, తనకేవో కనపడుతున్నాయని గొణిగాడు. కంగారు పడొద్దని, తనకూ కనపడుతున్నాయని వాసన్ జవాబు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే. మొదట రంగు రంగుల కోణాలు, అల్లికలు. అవి విచ్చుకుని ముంగిళ్లు, తోటలు, రాళ్లు పొదిగిన రాజభవనాలు అవుతున్నాయి. ఎన్నడూ చూడని జంతువొకటి రథం లాగుతూ సాగిపోయింది. గోడలు లేవు. దూరాన కొండ వాలు మీద ఒంటెల బారు కదులుతోంది. గాల్లో నిలిచి మీరు చూస్తున్నారు. చూసే కన్ను ఉంది గాని, దాని వెనక ఒళ్లు లేదు.

లోపల ఏం జరుగుతోందో ఇప్పటి శాస్త్రం కొంత చెప్పగలదు. గొడుగులోని సైలోసిబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫాస్ఫేట్ భాగాన్ని వదిలించుకుని సైలోసిన్ అవుతుంది. మన మెదడులో ఉండే సెరటోనిన్‌కు దానికీ దగ్గరి పోలిక. అందువల్ల మెదడు పై పొరలో దట్టంగా ఉండే ఒక రకం సెరటోనిన్ గ్రాహకాలకు అది అంటుకుంటుంది. సైలోసిబిన్ ఎక్కించినవాళ్ల మెదళ్లను లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు స్కాన్ చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఇన్ని రంగులు చూసే మెదడు చెలరేగిపోతూ ఉండాలి కదా. వాళ్లకు కనపడింది వేరు. కొన్ని ముఖ్యమైన కూడళ్లలో పని తగ్గింది. ఊరికే కూర్చున్నప్పుడు నా సంగతి, నా నిన్న, నా రేపు అని తలపోసుకోవడంలో చురుగ్గా ఉండే భాగాలవి. ‘నేను’ అనే పట్టు సడలుతుందన్న మాట.

పట్టు సడలిన మనసు ఎటైనా పోగలదు. అందుకే ఇప్పుడు చెవులు అటు పెట్టండి. సబీనా పాడుతోంది. గొణుగుడుగా మొదలైంది, మెల్లగా పెరిగింది. తను ఎలాంటి మనిషో, ఎవరి తరఫున వచ్చిందో వరసగా చెప్పుకుపోతోంది. కూతురు గొంతు కలుపుతోంది. మధ్యమధ్య చప్పట్లు, మోకాళ్ల మీదా నుదుటి మీదా రొమ్ము మీదా అరచేతి దెబ్బలు. ఆ చప్పుడు ఒకసారి మీ చెవి పక్కన, ఇంతలోనే గది అవతల. జాతరలో డప్పు దరువు మారగానే పూనకం తీరు మారినట్టు, ఇక్కడ పాట నడకను బట్టి కనపడేవి మారుతున్నాయి. తెల్లవారుజాము దాకా ఇంతే.

ఇలాంటి జాగారానికి ఎప్పుడూ ఒక పని ఉంటుంది. ఇంట్లో ఎవరికో జబ్బు చేసి ఉంటుంది. రోగం ఎక్కడుందో, మనిషి దక్కుతాడో లేదో పిల్లలు సబీనా నోటితో చెబుతాయి. ముందూ వెనకా నాలుగేసి రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలని నియమం. వాసన్‌కు జబ్బేమీ లేదు. కేవలం దేవుణ్ణి వెతుక్కుంటూ ఈ పిల్లల్ని తిన్నవాళ్లు అతనికి ముందు లేరని సబీనా పెద్ద వయసులో అంది. ఊరి అధికారి అడిగాడు కాబట్టి కాదనలేకపోయానని కూడా అంది.

ఏడాది ముందుకు రండి. 1956, అదే ఊరు. వాసన్ బృందంలో ఈసారి జేమ్స్ మూర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడున్నాడు. అతన్ని పంపింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. మనుషుల మనసు లొంగదీసే మందుల కోసం అది వెతుకుతోంది. అవే గొడుగులు, సబీనా పాటే. మూర్‌కు రాజభవనాలేవీ కనపడలేదు. జలుబు, విరేచనాలు, ఒళ్లంతా దురద. తల తిరుగుడు తప్ప ఆ రాత్రి అతనికి ఇంకేమీ దక్కలేదు. అణువు ఒకటే, గది కూడా ఒక్కలాంటిదే. మనసు పట్టుకొచ్చిన కోరికే వేరు.

1957 మే నెలలో వాసన్ కథ ‘లైఫ్’ పత్రికలో వచ్చింది. సబీనా పేరూ జాతి పేరూ మార్చి రాసినా ఊరు దాగలేదు. గొడుగులను పారిస్‌లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు రొజే ఏమ్ పెంచాడు, బాజెల్‌లోని సాండోజ్ మందుల కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ పరీక్షించాడు. జంతువుల మీద ఏమీ తేలక, ఎండిన గొడుగులు 32 తనే తిని చూశాడు. 1958 కల్లా సైలోసిబిన్, సైలోసిన్ రెండూ వేరుపడ్డాయి.

ఇక 1962లో సబీనా పక్కన మళ్లీ కూర్చోండి. గొడుగుల బదులు ఆమె అరచేతిలో హాఫ్‌మన్ తెచ్చిన మాత్రలు. అరగంటైనా ఏమీ లేదు. మాత్రల్లో బలం లేదని గదిలో గుసగుసలు. నమలకుండా మింగిన మాత్ర కరగాలి కదా. మరికొన్ని ఇచ్చారు. రాత్రి సాగింది, పాట లేచింది. తెల్లారాక ఆమె తీర్పు: మాత్రల్లోనూ పిల్లల బలమే ఉంది, తేడా లేదు. మిగిలిన సీసా ఇస్తే, గొడుగులు దొరకని కాలంలో కూడా వైద్యం చేసుకోవచ్చని సంతోషించింది.

తర్వాతి ఏళ్లలో హిప్పీలు వచ్చిపడ్డారు. నియమం లేదు, జాగారం లేదు, రోగి లేడు. పట్టపగలు తిని వీధుల్లో తిరిగారు. 1969లో మెక్సికో సైన్యం దారి మూసింది. సబీనా ఇల్లు ఎవరో తగలబెట్టారు. ఆమె కొన్నాళ్లు జైల్లో కూడా ఉంది. పరాయివాళ్లు వచ్చాక పిల్లల బలం పోయిందని వాపోయింది. 1985లో కన్నుమూసింది.

మాత్రలో కూడా బలముందని తేల్చిన మనిషే, గొడుగులోనే బలం పోయిందని అంది. గొడుగులోని రసాయనం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. పోయింది దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. ఇప్పుడు జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల డిప్రెషన్ రోగులకు సైలోసిబిన్ ఇచ్చి చూస్తున్నారు. ముందు రోజుల తరబడి మాటలు, ఆ రోజు కళ్లకు గంతలు, చెవుల్లో సంగీతం, వదలకుండా పక్కన కూర్చునే ఇద్దరు మనుషులు, అయ్యాక చూసినదాని గురించి మళ్లీ మాటలు. చీకటి, పాట, తోడు, నియమం, నయం కావలసిన ఒక మనిషి: మట్టి గోడల గదిలో ఇవన్నీ ఉన్నాయి. దీన్ని ఇప్పుడు చికిత్సా పద్ధతి అంటున్నారు. అణువును వేరుచేసిన ఘనత హాఫ్‌మన్‌ది. పద్ధతి దగ్గర మాత్రం మొదట రాయవలసిన పేర్లలో సబీనాది ఉండాలి.