తెలుగు నాటకం: రాసిందొకటి, ఆడిందొకటి

తెలుగు కావ్యానికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. నాటకం వయసు నూట అరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు జనం చూసినవి యక్షగానాలు, వీధి భాగవతాలు, తోలుబొమ్మలాటలు. సంస్కృత నాటకాలు మన కవులకు తెలియక కాదు. ప్రబోధచంద్రోదయం చేతికి వస్తే నంది మల్లయ, ఘంట సింగయ దాన్ని ప్రబంధం చేసి పెట్టారు!

1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి రాసిన మంజరీ మధుకరీయాన్ని తొలి తెలుగు నాటకంగా లెక్కిస్తారు. ఆధునిక ప్రదర్శన మాత్రం 1880లో రాజమండ్రిలో మొదలైంది. కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని ఆడించారు. వకీళ్ల టక్కరితనం మీద వాడుక మాటల్లో రాసిన ప్రహసనమది. ఆ రోజుల్లోనే ధార్వాడ నాటక కంపెనీ ఊరూరా పాటలతో జనాన్ని ఊపేస్తోంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ పాటను తెలుగు నాటకంలోకి తెచ్చారు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో కీచకవధ ఆడిన కుటుంబానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. సురభి నాటకాలు నేటికీ ఆడుతున్నాయి.

గురజాడ కన్యాశుల్కం సంగతి వేరు. విశాఖ తీరంలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా విజయనగరం మహారాజు తీయిస్తే 1034 తేలాయని గురజాడ తొలి పీఠికలో రాశారు. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. నాటకం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. 1909 నాటికి గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. అందులోని వేశ్య పాత్ర మధురవాణి అసలైన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే. అయితే పూర్తి పాఠం ఒక రాత్రిలో ఆడి ముగించడం కష్టం. అందుకే కుదించి ఆడేవారే ఎక్కువ. అందులోని గిరీశం పాత్రను రంగం మీద చూసినవారి కన్నా పుస్తకంలో చదివి నవ్వుకున్నవారే ఎక్కువేమో.

పద్యనాటకానిది సరిగ్గా ఎదురు దారి. తిరుపతి వేంకటకవులు రాసిచ్చింది నాలుగు పాదాలు. హార్మోనియం శ్రుతిలో వాటిని ఎంతసేపు సాగదీయాలో నటుడి గొంతు, జనం కొట్టే వన్స్‌మోర్‌లు తేల్చేవి. ఒకే రాత్రి కురుక్షేత్రం నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగడం పల్లెల్లో వింతేమీ కాదు. రాగాల మోజు నటనను మింగేస్తోందని బళ్లారి రాఘవ పోరాడారు. జనం మాత్రం పద్యాన్ని వదల్లేదు. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లు ఆ నడక చూసి ముచ్చటపడేవారని చెప్పుకుంటారు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి తెలంగాణ రైతు పోరాటాన్ని రంగమెక్కించింది. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

నిషేధం కాళ్లకూరి నారాయణరావు చింతామణినీ వదల్లేదు. వేశ్యావ్యామోహాన్ని దుయ్యబట్టడానికి రాసిన సంస్కరణ నాటకమది. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ, రచయిత రాయని బూతు హాస్యం పేరుకుపోయింది. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది.