సిమాంకాస్ కోటలో పరదేశి చరిత్రకారుడు

చరిత్ర వ్రాయుట యనగా యుద్ధములను పట్టాభిషేకములను వరుసగా పేర్కొనుట యని పలువురు తలంతురు. ఆ వ్రాతకు ముందొక శ్రమ కలదు. పాతకాగితపు కట్టలు విప్పి, దుమ్ము దులిపి, అక్షరమక్షరమును కూడబలుకుకొని చదువవలెను. అట్టి శ్రమకై పరదేశము చేరి, అచ్చటనే ప్రాణములు విడిచిన యొక పండితుని కథ నేడు మనవిచేసెదను.

ఆయన పేరు గుస్తావ్ బెర్గెన్‌రోట్. 1813లో తూర్పు ప్రష్యాయందు జన్మించెను. 1848లో జర్మనీలో ప్రజావిప్లవము లేచినప్పుడు ఆ పక్షమున నిలిచెను. అది అణగిపోయిన పిదప 1850లో కాలిఫోర్నియా కేగి, తిరిగివచ్చి, కొన్నాళ్లకు లండను చేరెను. అచ్చట ఇంగ్లాండు నేలిన ట్యూడర్ రాజుల చరిత్ర వ్రాయబూనెను గాని, అచ్చైన గ్రంథము లాయనకు తృప్తి నీయలేదు. 1501లో ట్యూడర్ యువరాజు ఆర్థరు స్పెయిన్ రాజపుత్రిక కేథరినును పెండ్లాడెను. వియ్యపువారికి వ్రాసిన యుత్తరములు వియ్యపువారి యింటనే యుండును గదా! కనుక 1860లో ఆయన స్పెయిన్ దేశమునకు బయలుదేరెను.

వల్లదోలిద్ నగరమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, పిసుయెర్గా నది యొడ్డున, సిమాంకాస్ అను చిన్న గ్రామము కలదు. అందలి కోటలో 1540 మొదలు స్పెయిన్ ప్రభువులు రాజ్యపత్రములు భద్రపరచిరి. 1844లో గాని పండితులకు ద్వారములు తెరవబడలేదు. ఆ పల్లెయందే బస చేసి, ఆంగ్లప్రభుత్వమువారి నియోగముపై బెర్గెన్‌రోట్ ఆ లేఖల సంగ్రహములు సిద్ధపరచెను. మొదటి సంపుటము 1862లోను, రెండవది 1866లోను వెలువడెను. జన్మచేత ప్రష్యనుడు, కొలువు ఆంగ్లేయులది, నివాసము స్పెయిన్ పల్లె!

ఆ లేఖలలో అనేకములు రాయబారుల సంకేతలిపిలో నుండెను. ఒక్క యక్షరమునకు పలు గుర్తులుండును. పూర్తి మాటకు బదులొక సంఖ్య యుండును. చదువరిని మోసపుచ్చుటకు అర్థములేని గుర్తులును నడుమ దూర్చబడును. ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చినదో, దేని ప్రక్కన ఏది నిలిచినదో లెక్కించుచు, ఊహించుచు, ఊహ తప్పినప్పుడు మరల మొదటికి వచ్చుచు సాగవలెను. ఇట్లు మూడున్నర శతాబ్దములు మూగవడిన లేఖలను ఆయన మాటాడించెను.

ఇంతటివానిని చిక్కులో పెట్టినవి సంకేతములు గావు, రెండు తేటమాటలు. కేథరిను అక్కయైన హువానా రాణి, ఉన్మాదిని యను పేరుతో, 1509 మొదలు 1555లో మరణించువరకు తోర్దెసీయాస్ పట్టణమున నిర్బంధింపబడెను. ఆమె ఉన్మాదిని కాదనియు, తండ్రియు కుమారుడును రాజ్యముకొర కట్లు చేసిరనియు బెర్గెన్‌రోట్ 1868లో ప్రకటించెను. ఆమె ఆహారము మానినప్పుడు ప్రాణము నిలుపుటకై "తాడు ఇయ్య"వలసివచ్చెనని కాపలా యధికారి వ్రాసిన లేఖ యొకటి ఆయనకు దొరకెను. తాళ్లతో హింసించిరని ఆయన దాని కర్థము చెప్పెను. అది నుడికారమనియు, ఆమె కోరినట్లు పోనిచ్చుట యని దాని భావమనియు ఇతర పండితులు వాదించిరి.

నేను బడిలో పద్యములు చెప్పిన కాలమున, ప్రతిపదార్థము నిర్దుష్టముగా వ్రాసియు తాత్పర్యము తప్పిన బాలుర నెందరినో చూచితిని. "వాడు ఆ సొమ్ముకు నీళ్లు వదలుకొనెను" అని మన పాతయుత్తరమున నున్నచో, నిఘంటువు చేతబట్టిన పరదేశి యేమనుకొనును? సొమ్ముపై నీరు పోసెననును! శబ్దార్థమును వృద్ధవ్యవహారమువలన గ్రహింపవలెనని మన శాస్త్రకారులు చెప్పినది ఇందులకే.

1869 ఫిబ్రవరి 13న మాడ్రిడ్ నగరమున, తన 56వ యేట, బెర్గెన్‌రోట్ జ్వరముచేత మరణించెను. ఆయన పనిని గయాంగోస్ అను స్పెయిన్ పండితుడు సాగించెను. ఒక యర్థము వివాదమున బడినను, ఆయన విప్పిన లేఖలు నిలిచినవి. ఆయన తీర్పును కాదన్నవారును ఆయన ప్రకటించిన పత్రములనే ముందుంచుకొని వాదించిరి.

గ్రామవృద్ధులారా! మీ యిండ్ల అటకలపై పాతదస్తావేజులును, కరణపు లెక్కలును ఉండవచ్చును. కాగితమును చెదలనుండి కాపాడుట సగము పని. అందలి కొలతల పేర్లు, పన్నుల పేర్లు, పొలముల పేర్లు, నుడికారములు మీకు తెలిసినంతవరకు పిల్లలచేత వ్రాయించి ఆ కట్టతోనే యుంచుడు. రేపు దానిని చదువువాడు ఎంత పండితుడైనను, మీ మాటకు పరదేశియే యగును.