అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్

అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ (సంక్షిప్తంగా ఏ.వై.ఎస్.ఓ.) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి ఆడించే లాభాపేక్ష లేని సంస్థ. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. ఈ సంస్థలో శిక్షకులు, రిఫరీలు, స్థానిక నిర్వాహకులు దాదాపు అందరూ జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. వారిలో ఎక్కువమంది ఆడే పిల్లల తల్లిదండ్రులే. అందువలన ఒక ఊరిలో ఎంతమంది పిల్లలు ఆడగలరన్నది ఆ ఊరి తల్లిదండ్రులు ఎంత సమయం ఇవ్వగలరన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ఈ సంస్థ 1964లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని టోరెన్స్ నగరంలో 9 జట్లతో ప్రారంభమైనది. అప్పట్లో అమెరికా పిల్లలకు బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ముఖ్యమైన ఆటలు. 1971లో బాలికలకు ప్రత్యేకంగా ఆటలు మొదలైనవి. తరువాత సంస్థ కాలిఫోర్నియా దాటి ఇతర రాష్ట్రాలకు విస్తరించింది.

మూల సూత్రాలు

సంస్థ ఆరు సూత్రాలపై నడుస్తుంది.
* అందరూ ఆడాలి
* జట్లు సమతూకంగా ఉండాలి
* నమోదు అందరికీ తెరచి ఉండాలి
* శిక్షణ ప్రోత్సాహకరంగా ఉండాలి
* క్రీడాస్ఫూర్తి పాటించాలి
* ఆటగాని వికాసానికి తోడ్పడాలి

వీటిలో మొదటిది అన్నిటికంటె ప్రసిద్ధమైనది. దీని ప్రకారం జట్టులోని ప్రతి బిడ్డ ప్రతి ఆటలోను కనీసం సగం సమయం మైదానంలో ఉండాలి. ఇందుకోసం ఆట ఒక్కొక్క అర్ధభాగం మధ్యలో కొద్దిసేపు ఆగుతుంది. అప్పుడు ఆటగాళ్ళను మారుస్తారు. ఈ విధంగా ఆట నాలుగు పాదాలుగా విభజింపబడుతుంది. ప్రతి బిడ్డకు కనీసం రెండు పాదాలు దక్కాలి.

ఉదాహరణకు ఏడుగురు ఆడే ఆటలో జట్టుకు 10 మంది పిల్లలున్నారనుకుందాం. నాలుగు పాదాలకు కలిపి 28 స్థానాలుంటాయి. ఎనిమిది మందికి మూడేసి పాదాలు, ఇద్దరికి రెండేసి పాదాలు ఇస్తే లెక్క సరిపోతుంది. తన బిడ్డకు న్యాయం జరిగినదో లేదో తల్లి గాని తండ్రి గాని గట్టున కూర్చొని లెక్కపెట్టుకోవచ్చును. ప్రతి వారం అవే పేర్లకు రెండు పాదాలు రాకుండా చూడడం మంచి శిక్షకుని లక్షణం.

నిర్మాణం

స్థానిక శాఖను రీజియన్ అంటారు. కొన్ని రీజియన్లు కలిసి ఏరియా, కొన్ని ఏరియాలు కలిసి సెక్షన్ ఏర్పడతాయి. రీజియన్‌కు రీజనల్ కమిషనర్ అధిపతి. నమోదు, ఖజానా, శిక్షకులు, రిఫరీలు, భద్రత మొదలైన పనులను బోర్డు సభ్యులు చూస్తారు. మైదానాల కేటాయింపు కోసం నగరపాలక సంస్థతోను, పాఠశాలలతోను మాట్లాడడం కూడా వీరి పనే.

నమోదు, జట్ల కూర్పు

ఆటలో నైపుణ్యం ఉన్నా లేకున్నా పిల్లలను చేర్చుకుంటారు. చేరడానికి ఎంపిక పరీక్ష లేదు. తల్లిదండ్రులు నమోదు రుసుము చెల్లించాలి. ఇందులో కొంత జాతీయ కార్యాలయానికి, మిగిలినది స్థానిక శాఖకు చెందుతుంది. రుసుము శాఖను బట్టి మారుతుంది. చెల్లించలేని కుటుంబాలకు పలు శాఖలు రాయితీ ఇస్తాయి. ప్రధాన ఋతువు సాధారణంగా ఆగస్టు లేక సెప్టెంబరులో మొదలై నవంబరు వరకు సాగుతుంది.

ఋతువు చివర శిక్షకులు తమ ఆటగాళ్ళ నైపుణ్యాన్ని అంకెలలో అంచనా వేస్తారు. మరుసటి సంవత్సరం ఆ అంచనాల ఆధారంగా పిల్లలను అన్ని జట్లకు పంచుతారు. స్నేహితులను ఒకే జట్టులో వేయమని కోరవచ్చును గాని, ఆ కోరిక తీరుతుందన్న హామీ ఉండదు. శిక్షకుని బిడ్డ మాత్రం సాధారణంగా ఆ శిక్షకుని జట్టులోనే ఉంటాడు. శిక్షకుడు దొరకని జట్టు ఏర్పడదు. అటువంటప్పుడు రుసుము చెల్లించడానికి సిద్ధంగా ఉన్నా పిల్లలు నిరీక్షణ జాబితాలో మిగిలిపోతారు.

వయోవిభాగాలు

చిన్న పిల్లలు చిన్న మైదానంలో తక్కువమందితో ఆడితే ప్రతి ఒక్కరికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది. ఈ కారణంతో అమెరికా సాకర్ సమాఖ్య 2017 ఆగస్టు నుండి తప్పనిసరి చేసిన ప్రమాణాలు ఇలా ఉన్నవి.
* 8 ఏళ్ళ లోపు: జట్టుకు నలుగురు, గోల్‌కీపర్ ఉండరు
* 10 ఏళ్ళ లోపు: ఏడుగురు
* 12 ఏళ్ళ లోపు: తొమ్మిది మంది
* ఆపైన: పదకొండు మంది

బంతి పరిమాణం కూడా వయసును బట్టి మారుతుంది. 8 ఏళ్ళ లోపు వారికి 3వ నెంబరు, 12 ఏళ్ళ లోపు వారికి 4వ నెంబరు, పెద్దవారికి 5వ నెంబరు బంతి వాడతారు.

తల్లిదండ్రుల బాధ్యతలు

మేజోళ్ళ లోపల ధరించే షిన్ గార్డులు లేనిదే బిడ్డను ఆడనివ్వరు. సరియైన బూట్లు, నీళ్ళ సీసా ఇచ్చి సమయానికి తీసుకురావడం తల్లిదండ్రుల మొదటి బాధ్యత. ఇది కాక ప్రతి జట్టుకు శిక్షకుడు, సహాయ శిక్షకుడు, రిఫరీలు, సమాచారం అందజేసే జట్టు ప్రతినిధి కావాలి. ఆటలో అనుభవం లేనివారు కూడా శిక్షణ పొంది ఈ పనులు చేయవచ్చును. అందరికంటె కష్టంగా దొరికేది రిఫరీ. పెద్ద పిల్లల ఆటకు ఒక రిఫరీ, ఇద్దరు సహాయ రిఫరీలు ఉండాలి.

ఆట జరిగేటప్పుడు శిక్షణ ఇచ్చే హక్కు జట్టుకు ఇద్దరికి మించి ఉండదు. మిగిలిన పెద్దలు గీతకు దూరంగా కూర్చొని చప్పట్లు కొట్టవచ్చును గాని, "కొట్టు", "అటు పరుగెత్తు" అని ఆజ్ఞలు ఇవ్వరాదు. శిక్షకుడు ఒకటి, తండ్రి ఒకటి చెప్పినపుడు మైదానం మధ్యలో ఉన్న బిడ్డ ఏదీ చేయలేక నిలబడిపోతాడు. రిఫరీ తరచుగా పొరుగింటి తల్లి గాని, పదిహేనేళ్ళ విద్యార్థి గాని అయి ఉంటారు. వారిపై కేకలు వేస్తే మరుసటి వారం రిఫరీ దొరకడు.

భద్రత

పిల్లలతో పనిచేసే పెద్దల పూర్వచరిత్రను పరిశీలిస్తారు. పిల్లలపై దుర్వ్యవహారాన్ని గుర్తించడం, తల గాయాలను గుర్తించడం వంటి విషయాలలో వారు శిక్షణ పొందాలి. కాలిఫోర్నియాలో 2022 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం క్రమంగా పనిచేసే వయోజన సేవకుల పూర్వచరిత్ర పరిశీలన తప్పనిసరి.

తల గాయాల విషయమై 2014లో కొందరు తల్లిదండ్రులు, ఆటగాళ్ళు కాలిఫోర్నియా న్యాయస్థానంలో దావా వేశారు. ప్రతివాదులలో ఏ.వై.ఎస్.ఓ. కూడా ఒకటి. 2015 నవంబరులో అమెరికా సాకర్ సమాఖ్య 10 ఏళ్ళు, అంతకు లోపు పిల్లలు బంతిని తలతో కొట్టరాదని, 11 నుండి 13 ఏళ్ళ వారికి సాధనలో దీనిని పరిమితం చేయాలని ప్రకటించింది. కాలిఫోర్నియాలో 2017 నుండి, తలకు గాయమైనట్లు అనుమానం వస్తే బిడ్డను ఆ రోజు ఆట నుండి తప్పించాలి. వైద్యుని వ్రాతపూర్వక అనుమతి లేనిదే తిరిగి ఆడించరాదు.

పోటీ క్లబ్బులతో పోలిక

పోటీ క్లబ్బులు ఎంపిక పరీక్ష పెట్టి, జీతం తీసుకునే శిక్షకులను నియమిస్తాయి. వాటి రుసుము చాలా ఎక్కువ. ప్రయాణాలూ ఎక్కువే. బిడ్డను త్వరగా క్లబ్బులో చేర్చకపోతే వెనుకబడతాడేమోనన్న ఆందోళన అనేకమంది తల్లిదండ్రులలో కనిపిస్తుంది. అయితే 2015, 2019 ప్రపంచ కప్పులు గెలిచిన అమెరికా జట్టు సభ్యురాలు అలెక్స్ మోర్గాన్ చిన్నతనంలో డైమండ్ బార్ నగరంలోని ఏ.వై.ఎస్.ఓ. శాఖలో ఆడి, 14వ ఏట గాని క్లబ్బులో చేరలేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇటువంటి సామాజిక క్రీడా కార్యక్రమాలలో ఆడుతున్నారు. పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆటలు ఆడించడం చూసి పెరిగిన తల్లిదండ్రులకు, ఈల తామే ఊదవలసి రావడం ఇక్కడ ఎదురయ్యే మొదటి మార్పు.